ఇంట్లో అందరికీ తెలిసిన రహస్యం: నాకు నచ్చిన కొన్ని నవలలు

మీరు అడిగింది ఇది. కుటుంబం, ఇంట్లో దాచిపెట్టే సంగతులు, పిల్లలు పెద్దవాళ్లవడం, ఈ మూడూ కలిసిన నవలల్లో ఈ మధ్య వచ్చినవి ఏవి బాగున్నాయి? కరీంనగర్‌లో ఉన్న మీకూ, ఇంటర్ రెండో సంవత్సరం చదివే మీ అమ్మాయికీ పనికొచ్చేవి కావాలన్నారు. టీవీ సీరియల్ లాంటివి వద్దే వద్దన్నారు. నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు పాత విద్యార్థులు కొందరు, వాళ్ల అమ్మలు కొందరు కలిసి మా ఇంట్లో నవలలు చదువుతుంటాం. అందుకని ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. "ఈ మధ్య" అన్నదాన్ని గత పదిహేను, ఇరవై ఏళ్లుగా తీసుకుంటున్నాను. అంతకన్నా కుదిస్తే మంచివి చాలా జారిపోతాయి.

ముందు సీరియల్ సంగతి తేల్చుకుందాం. సీరియల్లో రహస్యం ఒక్కరి దగ్గరే ఉంటుంది. మిగతావాళ్లకు తెలియకుండా ఏళ్లకేళ్లు లాగుతారు. చివరికి ఎవరో తలుపు చాటున నిలబడి వింటారు. వారపత్రికల్లో నవలలు వారంవారం వచ్చిన రోజుల్లో మనం ఎగబడి చదివిన చాలా కుటుంబ నవలలదీ ఇదే పద్ధతి, ఆఖరి వారం బీరువాలో ఉత్తరం దొరికేది. నిజమైన ఇళ్లలో అట్లా జరగదు. తాతకు పక్క ఊళ్లో ఇంకో ఇల్లుందని నానమ్మకు తెలుసు, కోడళ్లకు తెలుసు, పాలు పోసే ఆయనకు కూడా తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే. ఆ అనకపోవడంలో పిల్లలు ఏదో ఒక రోజు చేరిపోతారు, లేదా ఎదురు తిరుగుతారు. పెరగడమంటే నాకు అర్థమైనంతలో చాలావరకు ఇదే. నేను మళ్లీ మళ్లీ చదివే కుటుంబ నవలలన్నీ ఈ నోరు విప్పని ఒప్పందం మీదనే నడుస్తాయి.

ఈ లెక్కన మొదట చెప్పాల్సింది వివేక్ శానభాగ కన్నడ నవల "ఘాచర్ ఘోచర్". కన్నడంలో 2013లో వచ్చింది, శ్రీనాథ్ పేరూర్ ఇంగ్లిష్ చేస్తే 2015లో మనబోటివాళ్లకు అందింది. చాలా చిన్న పుస్తకం, ఒక ఆదివారం చాలు. బెంగళూరులో ఇరుకింట్లో చీమలతో సావాసం చేస్తూ బతికిన దిగువ మధ్యతరగతి కుటుంబం. తండ్రి ఒక టీ కంపెనీ సేల్స్‌మన్. ఒక రాత్రి ఆయన లెక్క కుదరదు. ఇల్లంతా కూర్చుని బిల్లులు, డబ్బులు మళ్లీ మళ్లీ కూడుతుంది. భయంగా ఉన్నా అందరూ ఒక్కటిగా ఉన్న రాత్రి అది. తర్వాత ఆయన ఉద్యోగం పోతుంది. చిన్నాన్న పెట్టిన మసాలా పొడుల వ్యాపారం బాగా నడుస్తుంది, డబ్బు వస్తుంది, పెద్దిల్లు వస్తుంది. అక్కడి నుంచి ఇంటి నియమం ఒక్కటే, చిన్నాన్నను ఎవరూ ఏమీ అనకూడదు. ఆయన లేచేసరికి టీ సిద్ధంగా ఉండాలి. ఆయన సంపాదన ఎట్లా వస్తుందో, ఎవరిని పంపి ఏం చేయిస్తాడో అడగకూడదు.

ఒక రోజు పొద్దున ఒకామె గిన్నెలో ఎర్ర పప్పు కూర పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. చిన్నాన్న కోసం వచ్చిన మనిషి. లోపల ఆయన ఉలకడు పలకడు. తల్లి, ఆడబిడ్డ ఆమెను నానా మాటలని తరిమేస్తారు. కూర నేలపాలవుతుంది. ఆమె ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదా? అందరికీ తెలుసు. తట్టుకోలేనిది ఒక్క కొత్త కోడలు అనిత. ఆమెకు అర్థమైందేమిటంటే ఆ ఇంట్లో ప్రేమ ఉంది, నిజంగానే ఉంది, కాని అది బయటివాళ్ల మీద కలిసికట్టుగా కరవడానికి పనికొస్తోంది. ఆ పేజీలు చదివినరోజు మా గదిలో అత్తలూ కోడళ్లూ ఉన్నారు. కాసేపు ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. తర్వాత మొదలైన ముచ్చట రాత్రి దాకా సాగింది. కథ చెప్పేవాడు అనిత భర్త, మంచివాడే. భార్య అంటే ఇష్టమున్నవాడే. ఏమీ చేయడు. ఆ చేయకపోవడం చివరి పేజీల్లో ఎంత దూరం వెళ్తుందో నేను చెప్పను. ముగింపు తేల్చలేదని కొందరికి కోపం వస్తుంది. నాకైతే తేల్చకపోవడమే దాని బలం.

ఇదే దారిలో ఇంకా కఠినమైనది పెరుమాళ్ మురుగన్ తమిళ నవల "మాదొరుబాగన్", 2010లో వచ్చింది. కాళి, పొన్న ఒకరంటే ఒకరికి ప్రాణం. పెళ్లై పన్నెండేళ్లయినా పిల్లల్లేరు. తిరుచెంగోడు రథోత్సవంలో పాత ఆచారం ఒకటుంది, పిల్లల్లేని ఆడది ఆ ఒక్క రాత్రి పరాయి మగవాడితో కలిసి బిడ్డను పొందవచ్చు. పొన్నను దానికి పంపాలని రెండు వైపుల పెద్దలూ నిర్ణయిస్తారు. భర్త ఒప్పుకున్నాడని ఆమెను నమ్మిస్తారు, ఆ రాత్రి ఆమె అన్నే బావను తాగడానికి తీసుకెళ్తాడు. ఇందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. అందరూ ప్రేమతోనే అబద్ధమాడతారు. అందుకే భరించలేం. పిల్లల్లేని కోడలిని బతుకమ్మ ఆడేచోట పక్కకు పెట్టే మాటలు, పేరంటంలో పసుపు కుంకుమ ఇచ్చేటప్పుడు ఒక్క క్షణం ఆగే చేతులు మనం చూడనివా! ఈ పుస్తకం మీద పెద్ద గొడవై 2015 మొదట్లో ఆయన తనలోని రచయిత చచ్చిపోయాడని ప్రకటించడం, 2016లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పివ్వడం మీకు గుర్తుండే ఉంటుంది. గొడవ పక్కన పెట్టి చదవండి. ఇది మీకు మాత్రమే, అమ్మాయికి ఇప్పుడే వద్దు.

అమ్మాయికీ మీకూ కలిపి ఒక్కటే చెప్పమంటే కొరియా నవల "ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మామ్" చెబుతాను. రచయిత్రి షిన్ క్యుంగ్ సూక్. కొరియన్‌లో 2008, ఇంగ్లిష్‌లో 2011. మాన్ ఏషియన్ సాహిత్య బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమె. పల్లెటూరి నుంచి తల్లీతండ్రీ పిల్లల దగ్గరికి సియోల్ వస్తారు. స్టేషన్లో ఆయన ఎప్పటిలాగే ముందు నడిచి రైలెక్కేస్తాడు. వెనక్కి చూస్తే ఆమె లేదు. పండగ రద్దీలో కాజీపేట జంక్షన్లో భార్యను నాలుగడుగులు వెనక వదిలి సంచీ ఊపుకుంటూ పోయే పెద్దమనుషులను చూస్తే నాకు ఈ నవలే గుర్తొస్తుంది.

కనబడుట లేదు అని కాగితం అచ్చు వేయించడానికి పిల్లలు కూర్చుంటారు. అమ్మ పుట్టిన తేదీ దగ్గరే ఆగిపోతారు. కాగితాల్లో 1938 ఉంది. కాదు 1936 అంటాడు తండ్రి. మా దగ్గర చదివిన ఆడవాళ్లలో సగం మంది అక్కడే నవ్వారు, ఎందుకంటే వాళ్ల అమ్మల ఆధార్ కార్డుల్లో ఉన్నది కూడా ఎవరో అంచనాగా రాసిన తేదీనే. ఫొటో దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగింది. అమ్మ ఒక్కతే ఉన్న ఈమధ్య ఫొటో మీ ఇంట్లో ఉందేమో వెతకండి.

ఈ నవల నడక ప్రత్యేకం. పెద్ద కూతురు రచయిత్రి. ఆమె భాగమంతా "నువ్వు ఇట్లా చేశావు, నువ్వు ఫోన్ పెట్టేశావు" అని ఆమెనే నిలదీస్తూ సాగుతుంది. తర్వాత పెద్దకొడుకు, తర్వాత భర్త, ఆ తర్వాత తల్లి గొంతు. ఒక్కొక్కరికీ అమ్మ గురించి ఒక్కో ముక్క తెలుసు. ముక్కలు కలిపి చూడటం ఎవరికీ తోచలేదు. ఆమెకు చదువు రాదు, ఆ సంగతి పిల్లల దగ్గర దాచింది. కూతురు రాసిన నవలను ఒక అనాథాశ్రమం మనిషి చేత చదివించుకుని విన్నది. తలనొప్పితో కూలబడిపోయిన రోజులను కప్పిపుచ్చింది. ఆమె మనసులో మాట చెప్పుకున్న మనిషి ఇంకొకరున్నారని చివర్లో తెలుస్తుంది. తల్లి రహస్యం అనగానే మనం భయపడతాం. ఇక్కడ ఆమెకూ సొంత బతుకు కొంచెమైనా ఉందని తెలిసి నాకు ఊరటగా అనిపించింది. తల్లి త్యాగాన్ని మరీ ఎక్కువ పొగిడిందని ఈ పుస్తకాన్ని విమర్శించేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయినా పద్దెనిమిదేళ్ల పిల్ల చదవాల్సిందే.

సెలెస్ట్ ఇంగ్ రాసిన "ఎవ్రీథింగ్ ఐ నెవర్ టోల్డ్ యూ", 2014. మా హన్మకొండలో నయీంనగర్ హాస్టళ్ల ముందు ఆదివారం సాయంత్రం క్యారియర్లతో నిలబడే అమ్మానాన్నలందరి చేతిలో పెట్టాలనిపించే నవల ఇది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, 1970ల కాలం. తండ్రి చైనా మూలాలున్న ప్రొఫెసర్, తల్లి తెల్లజాతి స్త్రీ. తల్లికి డాక్టర్ కావాలని కోరిక. పెళ్లి, పిల్లలతో చదువు ఆగింది. ఒకసారి ఇల్లు వదిలి చదువుకోవడానికి వెళ్తుంది, కడుపుతో ఉన్నానని తెలిసి వెనక్కి వస్తుంది. అమ్మ మళ్లీ వెళ్లిపోకుండా ఉంటే చాలు, ఆమె ఏం చెప్పినా చేస్తానని చిన్నపిల్ల లిడియా మనసులో ఒట్టు పెట్టుకుంటుంది. అక్కడి నుంచి ఆ పిల్లకు సైన్స్ పుస్తకాలే కానుకలు. తండ్రికేమో కూతురు అందరిలో కలిసిపోవాలని ఆశ. ఆయన్ను సంతోషపెట్టడానికి లేని స్నేహితులతో ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటిస్తుంది. అవతల ఎవరూ ఉండరు, డయల్ టోన్ తప్ప.

లిడియా చనిపోయిందని నవల మొదట్లోనే చెప్పేస్తారు. అందుకని ఇందులో ఏమైంది అన్నది సస్పెన్స్ కాదు. ఒకే బల్ల దగ్గర అన్నం తినే అయిదుగురికి ఒకరి సంగతి ఒకరికి ఎట్లా తెలియకుండా పోయిందన్నదే కథ. నన్ను పట్టుకున్న పాత్ర లిడియా కాదు, చిన్న చెల్లెలు హానా. బల్ల కింద, మూలల్లో, తలుపుల పక్కన కూర్చునే ఆ పిల్లను ఎవరూ పట్టించుకోరు. అన్నీ చూసేది ఆమె ఒక్కతే. కేఎంసీలో మెడికల్ సీటు, ఎన్ఐటీలో ఇంజనీరింగ్ సీటు అని ఇంట్లో పెద్దపిల్ల చుట్టూ అందరూ తిరుగుతున్నప్పుడు రెండో పిల్ల ఎక్కడ కూర్చుని ఉందో గమనించండి. ఒక జాగ్రత్త చెప్పాలి. పరీక్షల టెన్షన్ మధ్యలో ఉన్న పిల్లకు ఇది ఒంటరిగా ఇవ్వకండి. ముందు మీరు చదవండి. తర్వాత ఇద్దరూ కలిసి చదివి మాట్లాడుకోండి.

"షగ్గీ బేన్" గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది మనసు బాగా పిండేస్తుంది. డగ్లస్ స్టువర్ట్ మొదటి నవల, 2020లో బుకర్ బహుమతి వచ్చింది. 1980ల గ్లాస్గో, గనులు మూతపడిన బస్తీ, తాగుడుకు బానిసైన తల్లి, ఆమెను కాచుకుని ఉండే చిన్న కొడుకు. అక్క పెళ్లి చేసుకుని పారిపోతుంది, అన్న కూడా చివరికి ఇల్లు విడిచిపోతాడు, షగ్గీ ఒక్కడే మిగులుతాడు. ఇక్కడ గుట్టు అంటే తల్లి తాగుతుందని కాదు, అది బస్తీ మొత్తానికి తెలుసు. అయినా ఆమె రోజూ తయారై తల ఎత్తుకుని బయటికి వస్తుంది, కొడుకు ఆ నాటకంలో పాలుపంచుకుంటాడు. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డాక ఆ చుట్టుపక్కల బస్తీల్లో పని పోయిన మగవాళ్లు, ఇల్లు నెట్టుకొచ్చిన ఆడవాళ్లు, మధ్యలో నలిగిన పిల్లల సంగతి తెలిసినవాళ్లకు గ్లాస్గో దూరం అనిపించదు. ఇంగ్లిష్‌లో అక్కడి యాస బాగా ఉంటుంది, మొదట్లో కాస్త ఇబ్బంది పెడుతుంది.

మిన్ జిన్ లీ "పచింకో" కూడా ఈ పట్టికలోకి వస్తుంది. 2017 నాటిది. జపాన్లో బతికిన కొరియన్ల నాలుగు తరాల కథ. తన అసలు తండ్రి ఎవరో నోవా అనే కుర్రాడికి తెలిసే చోటు దాకా నేను పుస్తకం కింద పెట్టలేదు. ఆ తర్వాత భాగం పరుగెత్తింది అనిపించింది, కొత్త మనుషులు వస్తుంటారు, ఎవరి దగ్గరా నిలబడదు. గీతాంజలి శ్రీ "రేత్ సమాధి"ది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మొదట్లో ఎంతకీ కదలదు. భర్త పోయాక ఎనభై ఏళ్ల తల్లి గోడ వైపు తిరిగి పడుకుంటుంది, లేవనంటుంది. ఆ మంచం చుట్టూ ఇల్లు తిరుగుతూ ఉంటుంది. ఓపిక పట్టండి. ఆమె లేచాక ఎవరూ ఆపలేరు. కూతురి ఇంటికి పోతుంది, చివరికి పాకిస్తాన్ పోతుంది. దేశ విభజనకు ముందు ఆమెకు ఇంకో బతుకు ఉందని అప్పుడు తెలుస్తుంది. ఈ నవలలో ఎదిగేది ముసలి తల్లి, ఆమెను చూసి బిత్తరపోయేది కూతురు. హిందీలో 2018లో వచ్చింది, డైసీ రాక్‌వెల్ ఇంగ్లిష్ అనువాదానికి 2022లో అంతర్జాతీయ బుకర్ వచ్చింది. వరంగల్, కరీంనగర్ వాళ్లకు హిందీ, ఉర్దూ చెవికి కొత్త కాదు కదా. వీలైతే హిందీలోనే చదవండి, ఆ మాటల ఆట అక్కడే రుచిగా ఉంటుంది.

తెలుగు ఏదీ అంటారు. ఉన్నాయి. మనింటి ముందరిదే మొదలుపెడతాను. సిరిసిల్ల ప్రాంతపు రచయిత పెద్దింటి అశోక్ కుమార్ నవల "జిగిరి". ఎలుగుబంటిని ఆడించి బతికే ఒక ముస్లిం కుటుంబం. తండ్రి ఇమాం ఆ ఎలుగును కన్నకొడుకులా పెంచాడు. దాని పేరు షాదుల్. ఇప్పుడు ఎలుగును ఆడించడం నేరం. దాన్ని వదిలించుకుంటే ప్రభుత్వం భూమి ఇస్తుందన్న ఆశ పుడుతుంది. కొడుక్కు భూమి కావాలి, తండ్రికి షాదుల్ కావాలి, తల్లి ఇద్దరి మధ్యా నలుగుతుంది. కొడుకు చెడ్డవాడు కాడు. తండ్రి పక్షం ఎంత న్యాయమో కొడుకు ఆకలి కూడా అంతే న్యాయం. తండ్రీకొడుకుల మధ్య జంతువును పెట్టి ఆస్తి తగాదాను ఇంత బాగా చెప్పిన నవల తెలుగులో నాకు ఇంకొకటి కనపడలేదు.

డాక్టర్ కేశవరెడ్డి "మునెమ్మ" 2008లో వచ్చింది. ఆయన చిత్తూరు జిల్లా మనిషి, కాని బతుకంతా నిజామాబాద్ జిల్లాలోనే గడిపాడు. డిచ్‌పల్లి ఆసుపత్రిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ చిత్తూరు పల్లెల కథలు రాశాడు. మునెమ్మ భర్త గిత్తను అమ్ముకొస్తానని సంతకు పోతాడు, గిత్త తిరిగొస్తుంది, మనిషి రాడు. వరసకు మరిది అయ్యే కుర్రాణ్ని, ఆ గిత్తను వెంటబెట్టుకుని ఆమె బయలుదేరుతుంది. భర్తకు తన మీద కలిగిన అనుమానం ఎటువంటిదో ఆమెకు తెలుసు, అయినా వెతకడానికి పోతుంది. ఆ ఒక్క సంగతి మీద ఒక సాయంత్రం అంతా వాదించుకోవచ్చు. చిన్న నవల, ఒక్క మాట కూడా ఎక్కువ ఉండదు.

అబ్బాయి ఎదిగే కథ కావాలంటే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి "కొండపొలం". 2019లో తానా నవలల పోటీలో బహుమతి అందుకుంది. ఇంజనీరింగ్ చదివి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక ఇంటికొచ్చిన కుర్రాడు కరువు రోజుల్లో తండ్రితో కలిసి గొర్రెలను తోలుకుని నల్లమల ఎక్కుతాడు. అడవిలో తండ్రిని మొదటిసారి ఒక పనిమంతుడిగా చూస్తాడు. ఇంట్లో ఏమీ తెలియనట్టు కనపడే బాపు అక్కడ ఎంత తెలిసినవాడో! రహస్యం అంటే ఇక్కడ అదే అనుకోండి. దీన్ని తీసిన సినిమా చూసి ఊరుకుంటే ఆ అడవి వాసన తగలదు.

కొంచెం పాతదైనా అంపశయ్య నవీన్ "కాలరేఖలు" వదలలేను. కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు 2004లో వచ్చింది. మన వరంగల్ పల్లెలో నిజాం కాలం నుంచి ఒక పిల్లవాడు పెరగడం, దాని తర్వాతి భాగాలు "చెదిరిన స్వప్నాలు", "బాంధవ్యాలు". మూడూ కలిపితే లావు. మొదటిది చదివి ఆగినా నష్టం లేదు, మూడోదాంట్లో సంఘటనల వరుస నవలను మింగేసింది అనిపిస్తుంది నాకు.

ఒక వెలితి కూడా చెప్పుకోవాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఎన్ని ఇళ్లలో బాపు అంటే గల్ఫ్ నుంచి వచ్చే ఫోన్! అక్కడ పని పోయిన సంగతి ఇంటికి చెప్పని తండ్రి, ఇక్కడ చేసిన అప్పు సంగతి అక్కడికి చెప్పని తల్లి, రెండూ తెలిసి ఫోన్లో నవ్వుతూ మాట్లాడే కూతురు. నేను పాఠం చెప్పిన తరగతుల్లోనే అట్లాంటి పిల్లలు కూర్చున్నారు. నాకు తృప్తినిచ్చే పెద్ద తెలుగు నవల దాని మీద ఇంకా చేతికి రాలేదు. మీ అమ్మాయికి రాసే అలవాటుంటే చెప్పండి, మీ జిల్లాలోనే ఉంది ముడిసరుకు.

పుస్తకాల సంగతికొస్తే ఇంగ్లిష్ అనువాదాలన్నీ ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి. తెలుగువి డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోతే ఒక్కచోటే చూసుకోవచ్చు. పాత తెలుగు నవలల కోసమైతే హన్మకొండ వచ్చినప్పుడు రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో అడగండి, 1904లో పెట్టిన గ్రంథాలయం అది. మీరు "మునెమ్మ"తో మొదలుపెట్టండి. అమ్మాయికి ఇప్పటికి "ఘాచర్ ఘోచర్" ఒక్కటి చాలు, చిన్నది, ఇంగ్లిష్ కూడా తేలిక. కొరియా నవలను పరీక్షలు, ఎంట్రెన్సులు అయ్యాక వేసవి సెలవుల్లో ఇవ్వండి. వీలైతే రెండు కాపీలు కొనండి, ఒకరు చదివిందాకా ఇంకొకరు ఆగడం మా ఇంట్లో ఎప్పుడూ కుదరలేదు.